కొండ మీద లారీ: జారే క్లచ్, అనుమాన ప్రమాణం

క్లచ్ జారడం అంటే ఇంజను తిప్పిన తిప్పుడు గేర్ బాక్సుకు పూర్తిగా అందకపోవడం. డ్రైవరు యాక్సిలరేటర్ తొక్కుతాడు, ఇంజను మోత పెరుగుతుంది, బండి మాత్రం పాత నడకే నడుస్తుంది. లోడుతో ఘాట్ ఎక్కుతున్నప్పుడు, అందులోనూ పై గేర్లలో, ఇది ముందుగా బయటపడుతుంది. కాసేపటికి కాలిన వాసన వస్తుంది. ఇంకా లాగితే క్యాబిన్ కింద నుంచి సన్నగా పొగ లేస్తుంది. ఇంత జరుగుతున్నా జారుతున్న ప్లేటు ఎవరి కంటా పడదు. అది ఇంజనుకూ గేర్ బాక్సుకూ నడుమ, బెల్ హౌసింగ్ అనే పోత ఇనుప గూటిలో ఉంటుంది. దాన్ని చూడాలంటే గేర్ బాక్సు దించాలి. పాత లారీ గేర్ బాక్సు దించడమంటే ఒక రోజు పని, ఇద్దరు ముగ్గురి కూలి, బండికి కిరాయి నష్టం. కాబట్టి లోపం అక్కడే ఉందని దించకముందే తేలాలి. కంటికి కనిపించనిదాన్ని ఎలా తేల్చాలి, ఎంతవరకు తేలితే పనికి దిగవచ్చు అన్నవి మెకానిక్కుకు రోజూ ఎదురయ్యే ప్రశ్నలు. తత్త్వశాస్త్రంలో వీటికి ప్రమాణ విచారమని పేరు.

నేటి తెలుగులో అనుమానం అంటే సందేహం. ‘వాడి మీద అనుమానం’ అంటే ఏదీ తేలలేదని అర్థం. భారతీయ తర్కమైన న్యాయదర్శనంలో ఈ మాటకు దాదాపు ఎదురు అర్థం ఉంది. అక్కడ అనుమానం సందేహాన్ని తీర్చే సాధనం. కనిపించే గుర్తును పట్టుకుని కనిపించనిదాన్ని నిశ్చయించడానికి అది దారి చూపుతుంది. కొండ మీద పొగ లేస్తుంటే అక్కడ నిప్పుందని తెలుసుకోవడం దీనికి తరతరాలుగా వస్తున్న ఉదాహరణ. గౌతముడి న్యాయసూత్రాలు, వాటిపై వాత్స్యాయనుడి భాష్యం ఈ విచారానికి పునాది వేశాయి. 17వ శతాబ్దంలో ఆంధ్రుడైన అన్నంభట్టు దీన్నంతా తర్కసంగ్రహం అనే చిన్న పుస్తకంలో కుదించాడు. సంస్కృతంలో తర్కం మొదలుపెట్టేవారు నేటికీ ముందుగా పట్టేది ఆ పుస్తకాన్నే. బౌద్ధులు కూడా ఈ విద్యలో వెనకబడలేదు. హేతువుకు, అంటే ఆ గుర్తుకు, ఉండాల్సిన మూడు లక్షణాలను దిఙ్నాగుడు స్థిరపరిచాడు. ఆయన ఒక హేతువిద్యా గ్రంథాన్ని వేంగికి దగ్గరలోని ఒక కొండ మీద రాశాడన్న కథనాన్ని 7వ శతాబ్దంలో ఆంధ్రదేశం చూసిన చైనా యాత్రికుడు హ్యూయన్ త్సాంగ్ నమోదు చేశాడు. కొండ, పొగ, ఆ పొగకు కారణం: ఘాట్ రోడ్డు మీద ఆగిన లారీ దగ్గర ఈ మూడూ ఉన్నాయి.

ముందు యంత్రం సంగతి. ఇంజను వెనక ఫ్లైవీల్ ఉంటుంది. దానికి బోల్టులతో బిగించిన ప్రెజర్ ప్లేటు ఉంటుంది. ఈ రెంటి మధ్య క్లచ్ ప్లేటు ఇరుక్కుని ఉంటుంది. క్లచ్ ప్లేటుకు రెండు వైపులా రివెట్లతో బిగించిన లైనింగ్, నడుమ గేర్ బాక్సు షాఫ్టు దూరే గాడులు ఉంటాయి. ప్రెజర్ ప్లేటులోని స్ప్రింగులు క్లచ్ ప్లేటును ఫ్లైవీల్‌కు అదిమిపెడతాయి. పెడల్ తొక్కితే ఫోర్కు కదిలి, రిలీజ్ బేరింగు ప్రెజర్ ప్లేటు ఫింగర్లను నొక్కుతుంది. అప్పుడు పట్టు వదులుతుంది. పట్టు ఎంత ఉంటుందన్నది మూడింటి మీద ఆధారపడుతుంది: స్ప్రింగుల అదుము, లైనింగ్ రాపిడి గుణం, ప్లేటు వెడల్పు. వెడల్పు మారదు. కాబట్టి క్లచ్ జారిందంటే అదుము తగ్గి ఉండాలి, లేదా రాపిడి తగ్గి ఉండాలి. పొడి లైనింగ్‌కు రాపిడి గుణకం సుమారు 0.3 నుంచి 0.4 దాకా ఉంటుంది. నూనె తగిలితే అది మూడో వంతుకో ఇంకా కిందికో పడిపోతుంది.

జారితే పోయేది లాగుడు ఒక్కటే కాదు. ఇంజను 300 న్యూటన్ మీటర్ల టార్కు ఇస్తుండగా ఫ్లైవీల్‌కూ ప్లేటుకూ మధ్య నిమిషానికి 500 చుట్ల తేడా వచ్చిందనుకుంటే, ఆ చిన్న గూటిలో పుట్టే వేడి 15 కిలోవాట్లు దాటుతుంది. వెయ్యి వాట్ల ఇస్త్రీ పెట్టెలు పదిహేనింటిని ఒకే డబ్బాలో పెట్టి స్విచ్ వేసినట్టు. ఆ వేడికి లైనింగ్ గాజులా నునుపెక్కుతుంది, స్ప్రింగుల బిగువు తగ్గుతుంది, దాంతో జారడం ఇంకా పెరుగుతుంది. ఇక్కడ కార్యమే తిరిగి కారణానికి బలం పోస్తుంది. ఆలస్యం చేసిన కొద్దీ మొదటి కారణం ఆనవాళ్లు కాలిపోతాయి.

జారుడుకు గట్టి గుర్తు ఇంజను వేగానికీ బండి వేగానికీ లంకె తెగడం. గేరు పడి, క్లచ్ పట్టు పూర్తిగా ఉన్నప్పుడు ఈ రెండూ ఒకే నిష్పత్తిలో పెరగాలి, తగ్గాలి. మధ్యలో ఉన్నవి పళ్ల చక్రాలు, షాఫ్టులు. అవి విరిగితే విరుగుతాయి గాని జారవు. అందువల్ల ఇంజను ఎగసి బండి ఎగయకపోతే జారగల చోటు ఒక్కటే మిగులుతుంది. ఈ విడదీయరాని సంబంధాన్నే న్యాయ పండితులైన నైయాయికులు వ్యాప్తి అన్నారు. పొగ ఉన్న ప్రతి చోటా నిప్పు ఉన్నట్టు, ఈ లంకె తెగిన ప్రతి చోటా జారుడు ఉండాలి.

‘ప్రతి చోటా’ అన్న దగ్గరే పేచీ. బురదలో కూరుకున్న లారీలో కూడా ఇంజను ఎగసి బండి కదలదు. అక్కడ జారేది టైరు. గేరు దానంతటది ఊడిపోయినా అంతే. నైయాయికులకు ఇదే ఇబ్బంది పొగమంచుతోనూ దుమ్ముతోనూ వచ్చింది. అందుకని వాళ్లు హేతువును బిగించి చెప్పారు: ఏదో తెల్లగా కనిపించడం చాలదు, నేల నుంచి తెగకుండా ధారగా లేచే పొగే కావాలి. మెకానిక్ కూడా అలాగే బిగించాలి. పొడి రోడ్డు, గేరు పడి ఉండటం, పెడల్ మీద కాలు లేకపోవడం, లోడు మీద లాగుతుండటం. ఇన్ని విశేషణాలు తగిలించాక గాని ‘ఇంజను ఎగసింది’ అన్నది హేతువు కాదు. లోడు షరతు ఎందుకంటే, కింది గేర్లలో బండి తేలిగ్గా వేగం అందుకుంటుంది కాబట్టి ఇంజను తన పూర్తి బలాన్ని ఎక్కువసేపు చూపాల్సిన పని పడదు. పై గేరులో ఎత్తు ఎక్కుతుంటే పూర్తి బలం చాలాసేపు క్లచ్ మీదే పడుతుంది. సగం పోయిన పట్టు అక్కడే దొరికిపోతుంది.

దిఙ్నాగుడి మూడు లక్షణాలు ఇలా ఉంటాయి: హేతువు విచారిస్తున్న చోట ఉండాలి, అలాంటి ఇతర చోట్లా (సపక్షంలో) ఉండాలి, వ్యతిరేకమైన చోట (విపక్షంలో) ఉండకూడదు. మూడోది నేర్పడం కష్టం. షెడ్డుకు వచ్చే బండ్లన్నీ చెడినవే. రోజూ జారే క్లచ్‌లను చూసే కుర్రాడికి జారని క్లచ్ ఎలా లాగుతుందో తెలిసే అవకాశం తక్కువ. తార్కికులు వంటింటిని సపక్షంగా, మడుగును విపక్షంగా చూపారు. వంటింట్లో పొగా నిప్పూ రెండూ ఉంటాయి, మడుగులో రెండూ ఉండవు. విజయవాడ ఆటోనగర్ లాంటి చోట సపక్షానికి కొరత లేదు. విపక్షం కోసం మాత్రం బాగున్న లారీలో లోడుతో ఒకసారి అనంతగిరి ఘాట్ ఎక్కి రావాలి. ఈ రెండో చదువు లేనివాడికి ప్రతి పాత ఇంజను మోతా జారుడులాగే వినిపిస్తుంది.

గుర్తు తెలిసి, సంబంధం జ్ఞాపకానికి వచ్చి, ‘అటువంటి గుర్తే ఈ బండిలో ఉంది’ అని రెండూ కలిసే క్షణాన్ని తర్కం పరామర్శ అంటుంది. అనుమితి, అంటే అనుమానం వల్ల కలిగే నిశ్చయం, పుట్టేది దాని తర్వాతే. వాడుక తెలుగులో పరామర్శ అంటే కష్టంలో ఉన్నవారిని వెళ్లి పలకరించడం. రోడ్డు పక్కన ఆగిపోయిన లారీ విషయంలో రెండర్థాలూ చెల్లుతాయి.

హేతువులా కనబడుతూ హేతువు కానివాటిని హేత్వాభాసాలు అంటారు. అవి అయిదు. వాటిలో మూడు షెడ్డుల్లో రోజూ తిరుగుతుంటాయి. మొదటిది సవ్యభిచారం, అంటే దారి తప్పే హేతువు. కాలిన వాసన అటువంటిది. జారే క్లచ్ ఆ వాసన వేస్తుంది, పట్టేసి వదలని బ్రేకు కూడా దాదాపు అదే వాసన వేస్తుంది. బండి లాగడం లేదన్న ఫిర్యాదు రెండు చోట్లా వినిపిస్తుంది. తేడా తెలియాలంటే బండి ఆపి ఒక్కో చక్రం డ్రమ్ము దగ్గర చెయ్యి ఆనించకుండా దగ్గరగా పెట్టి చూడాలి. ఒక చక్రం మిగతావాటికన్నా సెగలు కక్కుతుంటే దోషం బ్రేకుది. పైగా బ్రేకు పట్టేసినప్పుడు ఇంజను ఎగయదు, అణుగుతుంది.

రెండోది విరుద్ధం. తాను నిరూపించదలచినదానికి సరిగ్గా ఎదురైనదాన్ని నిరూపించే హేతువు ఇది. ‘గేరు వేస్తుంటే గరగరమంటోంది కాబట్టి క్లచ్ జారుతోంది’ అనేవారు తక్కువేమీ కాదు. గేరు గరగరమనడం క్లచ్ పూర్తిగా విడవడం లేదనడానికి గుర్తు. పెడల్ తొక్కినా ప్లేటు ఫ్లైవీల్‌ను పట్టుకునే ఉంది. జారుడు పట్టు చాలని రోగం, ఇది పట్టు వదలని రోగం. మందులూ ఎదురెదురు. విడవని క్లచ్‌కు పెడల్ ఆట తగ్గించి సరిచేస్తారు. జారే క్లచ్‌కు అదే పని చేస్తే ఉన్న పట్టూ పోతుంది. తప్పు హేతువు ఊరికే తప్పుగా మిగలదు, బండిని ఇంకా చెడగొడుతుంది అనడానికి ఇంతకన్నా తేటైన ఉదాహరణ దొరకదు.

మూడోది అసిద్ధం. హేతువే ఉందో లేదో తేలని స్థితి అది. పాత లారీల్లో ఇంజను చుట్లు చూపే మీటరు చాలావాటికి ఉండదు, ఉన్నా పనిచేయదు. స్పీడోమీటర్ కేబుల్ తెగి ముల్లు ఒకే చోట పడి ఉంటే ‘వేగం పెరగలేదు’ అన్న మాటకు ఆధారం లేదు. చెవి, రోడ్డు పక్కన కిలోమీటరు రాళ్లు, చేతిలో గడియారం అంతకన్నా నమ్మదగినవి.

మిగిలినవి రెండు. ఒకరు క్లచ్ అంటారు, మరొకరు నల్ల పొగ చూపి ఇంజనుకే బలం తగ్గిందంటారు. ఇద్దరి హేతువులూ సమ ఉజ్జీగా నిలిస్తే అది సత్ప్రతిపక్షం. ‘ఆర్నెల్ల కిందటే కొత్త ప్లేటు వేశాం, జారే ప్రసక్తే లేదు’ అనేవాడి ఎదుటే పరీక్షలో క్లచ్ జారితే అది బాధితం. నిప్పు చల్లగా ఉంటుందని ఎంత తర్కించినా చెయ్యి కాలక మానదు.

డ్రైవరు మాట కూడా ప్రమాణమే. శబ్దాన్ని, అంటే మాటను, న్యాయం నాలుగో ప్రమాణంగా ఒప్పుకుంది, చెప్పేవాడు ఆప్తుడై ఉండాలన్నది షరతు. ఆప్తుడంటే విషయాన్ని స్వయంగా తెలుసుకున్నవాడు, తెలిసినట్టే చెప్పాలన్న కోరిక గలవాడు. ఈ లక్షణం ఋషికైనా ఆర్యుడికైనా మ్లేచ్ఛుడికైనా సమానమేనని వాత్స్యాయనుడు స్పష్టంగా రాశాడు. ఇంత విశాలమైన నిర్వచనంలో లారీ డ్రైవరుకు చోటుంది. మూలుగు ఎక్కడ మొదలైంది, ఏ గేరులో, ఎంత లోడు మీద అన్నది అతనికి తెలిసినంతగా మరొకరికి తెలియదు. చిక్కల్లా రెండో షరతుతోనే. పెడల్ మీద పాదం ఆనించి నడపడం, ఎత్తు మీద బ్రేకుకు బదులు హాఫ్ క్లచ్‌తో బండిని నిలపడం అతని అలవాట్లయితే అవి అతని నోట రావు. కాబట్టి అతని మాటను లక్షణాల విషయంలో ప్రమాణంగా తీసుకుని, కారణాల విషయంలో పక్కన పెట్టడం న్యాయం. పెడల్ రబ్బరు ఒక అంచున నున్నగా అరిగి ఉంటే ఆ సంగతి అదే చెబుతుంది.

సందేహం ఇంకా మిగిలితే నిలబెట్టి పరీక్షిస్తారు. సమతల నేల మీద బండి ఆపి, చక్రాలకు ముందూ వెనకా గట్టి దిమ్మలు పెట్టి, హ్యాండ్ బ్రేకు వేసి, కాలి బ్రేకు కూడా నొక్కి పట్టి, పై గేరు వేసి, ఇంజను వేగం కొద్దిగా పెంచి క్లచ్ పెడల్ మెల్లగా వదలాలి. పట్టు బాగుంటే ఇంజను అక్కడికక్కడే ఆగిపోతుంది. ఆగకుండా తిరుగుతూనే ఉంటే ప్లేటు జారుతోంది. బండికి ముందూ వెనకా ఎవరూ నిలబడకూడదు. పరీక్ష ఒక్కసారి, కొద్ది క్షణాలు మాత్రమే చేయాలి. పదే పదే చేస్తే ఆ వేడికి మంచి క్లచ్ కూడా చెడుతుంది.

ఈ పరీక్ష నడిచేది తర్కం అనే అంగం మీద. వ్యాప్తిని ఎవరైనా శంకిస్తే నైయాయికుడు ఎదురు ఊహ వేస్తాడు: నిప్పు లేకపోతే పొగ కూడా లేకపోవాలి కదా? పట్టు ఉంటే ఇంజను ఆగిపోవాలి కదా? ఆగలేదు కాబట్టి పట్టు లేదు. ప్రత్యక్షాన్నే నమ్మే చార్వాకులు ఇంతటితో ఒప్పుకోలేదు. చూసిన లారీలన్నిటిలో అలా జరిగినంత మాత్రాన చూడని లారీలో కూడా అలాగే జరగాలని ఏముంది, వ్యాప్తి అన్నదాన్ని ఎవరు పూర్తిగా చూశారు అన్నది వారి ఆక్షేపం. దీనికి నైయాయికుడు ఉదయనుడు న్యాయకుసుమాంజలిలో ఇచ్చిన జవాబు పనిమంతులకు దగ్గరగా ఉంటుంది. శంకకు హద్దు ఉంది, శంకించేవాడి నడతే ఆ హద్దు. పొగ కావలసినప్పుడు నిప్పే రాజేసేవాడు, ఆకలేసినప్పుడు అన్నమే తినేవాడు, ఆ సంబంధాలను నిజంగా శంకించడం లేదు. అద్వైతవాది శ్రీహర్షుడు తర్వాత ఈ వాదాన్ని తిప్పికొట్టి, శంకకు అటువంటి హద్దేదీ లేదన్నాడు. వాదంలో శ్రీహర్షుడిది పైచేయి కావచ్చు. షెడ్డులో మాత్రం ఉదయనుడిదే. గేర్ బాక్సు కింద జాకీ పెట్టాక వ్యాప్తి గురించి శంక పెట్టుకునేవాడు ఉండడు.

ఇక్కడికి తేలింది ఒక్కటే: క్లచ్ జారుతోంది. ఎందుకు జారుతోందో ఇంకా తేలలేదు. చాలా పొరపాట్లు ఈ రెంటినీ ఒకటిగా తీసుకోవడం వల్ల జరుగుతాయి. ‘జారుతోంది, అంటే ప్లేటు అరిగింది’ అన్న మాట మొదటి అనుమానానికి తోకలా అతుక్కుని వస్తుంది. నిజానికది వేరే అనుమానం, దానికి వేరే హేతువు కావాలి. తర్కగ్రంథాలు దీన్ని ఉపాధి పేరుతో చర్చించాయి. పొగ నుంచి నిప్పును ఊహించవచ్చు, నిప్పు నుంచి పొగను ఊహించకూడదు. ఎర్రగా కాలిన ఇనుప ముద్దలో నిప్పు ఉంటుంది, పొగ ఉండదు. పొగ రావాలంటే తడి కట్టె కూడా ఉండాలి. ఆ తడి కట్టె ఉపాధి. జారుడుకూ అరుగుడుకూ మధ్య కూడా ఇలాంటి మూడోది ఉంటుంది. అరిగిన ప్లేటు కూడా సర్దుబాటు సరిగ్గా ఉంటే కొన్నాళ్లు జారకుండా లాగుతుంది. కొత్త ప్లేటు కూడా నూనె తగిలితే మొదటి ఎత్తులోనే జారుతుంది. కాబట్టి అరుగుదల నుంచి జారుడునూ, జారుడు నుంచి అరుగుదలనూ నేరుగా తేల్చలేం.

దించకముందే చూడదగినవి కొన్ని ఉన్నాయి. అన్నిటికన్నా విలువైనది పెడల్ ఆట, అంటే పెడల్ తొక్కగానే రిలీజ్ బేరింగు ఫింగర్లను తాకేలోపు ఖాళీగా వచ్చే కదలిక. బండిని బట్టి ఇది మారుతుంది. పాత లారీల్లో సాధారణంగా ఒక అంగుళం అటూ ఇటూగా ఉంటుంది. లైనింగ్ అరిగే కొద్దీ ప్రెజర్ ప్లేటు ఫ్లైవీల్ వైపు జరుగుతుంది, ఫింగర్ల కొసలు బేరింగు వైపు వస్తాయి, ఆట తగ్గుతుంది. పూర్తిగా పోయిందంటే బేరింగు ఫింగర్లను ఎప్పుడూ నొక్కుతూనే ఉంది. డ్రైవరు కాలు పెట్టకపోయినా క్లచ్ సగం తొక్కినట్టే. అప్పుడు రాడ్డు నట్టు సర్ది ఆట తేగానే జారుడు ఆగిపోవచ్చు. పావుగంట పని. దీన్ని చూడకుండా గేర్ బాక్సు దించినవాడు తన కష్టానికి కూలి అడిగే హక్కు పోగొట్టుకున్నట్టే లెక్క. ఆట సరిగ్గా ఉండి కూడా జారుతుంటే, లేదా ఇక సర్దడానికి రాడ్డు మీద మర మిగలకపోతే, లోపల చూడక తప్పదు. పెడల్ రిటర్న్ స్ప్రింగు విరగడం, ఫోర్కు షాఫ్టు తుప్పుతో బిగుసుకోవడం, హైడ్రాలిక్ ఉన్న బండ్లలో సిలిండరు వెనక్కి రాకపోవడం కూడా ఇదే ఫలితం ఇస్తాయి. వాటిని కింద పడుకుని చూస్తే చాలు.

నూనె విషయం ఇంత తేలిక కాదు. బెల్ హౌసింగ్ అడుగున చిన్న రంధ్రం ఉంటుంది. అక్కడ చుక్క కనిపిస్తే లోపల ఏదో సీలు కారుతోంది. చుక్క కనిపించకపోతే కారడం లేదని అనవచ్చా? దీన్ని అనుపలబ్ధి (కనిపించకపోవడం) చర్చలో బౌద్ధ తార్కికుడు ధర్మకీర్తి కచ్చితంగా విడదీశాడు. ఉంటే తప్పక కనిపించాల్సినది కనిపించకపోతేనే ‘లేదు’ అనవచ్చు. భూతం కనిపించనంత మాత్రాన భూతం లేదని రుజువు కాదు, ఎందుకంటే అది కనిపించే జాతి కాదు. గది మధ్య కుండ కనిపించకపోతే కుండ లేదు. బెల్ హౌసింగ్‌లో కారిన కొద్దిపాటి నూనెను లైనింగ్ పొడి పీల్చుకుని ముద్ద కట్టవచ్చు, ఆ ముద్దే రంధ్రాన్ని మూసేయవచ్చు. కాబట్టి ముందు సన్నని తీగతో రంధ్రం శుభ్రం చేసి తర్వాత చూడాలి. మూసుకున్న రంధ్రం దగ్గర కనిపించని చుక్క కుండలాంటిది కాదు, భూతంలాంటిది.

మెకానిక్ తనకోసం తేల్చుకున్నది స్వార్థానుమానం. బండి యజమానికి అదే చెప్పి ఒప్పించాలంటే పరార్థానుమానం కావాలి. దానికి అయిదు అవయవాలు: ఈ లారీ క్లచ్ జారుతోంది, ఎందుకంటే గేరులో లోడు మీద ఇంజను ఎగసినా బండి ఎగయడం లేదు, ఎక్కడ అలా జరిగితే అక్కడ క్లచ్ జారుతుంది, ఫలానా లారీలో చూశాం కదా, ఇదీ అలాగే ఉంది, కాబట్టి ఇదీ జారుతోంది. చెప్పిందే రెండుసార్లు చెప్పినట్టుందని ఈ పద్ధతిని వెక్కిరించినవారున్నారు. డబ్బు కట్టేవాడి ఎదుట నిలబడి చూస్తే మూడో మెట్టూ నాలుగో మెట్టూ ఎందుకున్నాయో తెలుస్తుంది. ‘ఇదీ అలాగే ఉంది’ అన్నదాన్ని యజమాని స్వయంగా సీట్లో కూర్చుని చూసుకోవచ్చు. అది లేకపోతే మిగిలేది మేస్త్రీ మాట మీద నమ్మకం ఒక్కటే.

దించే పని వరస తప్పకూడదు. ప్రొపెల్లర్ షాఫ్టు, లింకేజీ విప్పాక గేర్ బాక్సును జాకీ మీదో గొలుసు మీదో తిన్నగా వెనక్కి లాగాలి. దాని బరువు ఒక్క క్షణం షాఫ్టు మీద వేలాడినా ప్లేటు నడుమ భాగం వంగుతుంది. ప్రెజర్ ప్లేటు బోల్టులను ఎదురెదురుగా కొద్దికొద్దిగా వదులు చేయాలి. లోపలి స్ప్రింగులు అదిమి ఉంటాయి. పాత లైనింగుల్లో ఆస్‌బెస్టాస్ ఉండేది, ఆ పొడి ఊపిరితిత్తులకు చేటు. గాలి కొట్టి ఊదడం చాలా షెడ్డుల్లో అలవాటే గాని మానాల్సిన అలవాటు. తడి గుడ్డతో తుడవాలి.

అప్పుడు గాని ప్రత్యక్షం రాదు. లైనింగ్ రివెట్ల తలల దాకా అరిగి, ఫ్లైవీల్ మీద రివెట్లు గీసిన వలయాలు ఉంటే అరుగుదల మూల కారణం. లైనింగ్ మందంగానే ఉండి, గాజులా మెరుస్తూ, ఫ్లైవీల్ మీద నీలం మచ్చలు, సన్నని బీటలు ఉంటే కాలింది. దీని వెనక హాఫ్ క్లచ్ అలవాటో, ఆట లేకపోవడమో, నీరసించిన స్ప్రింగులో ఉంటాయి. లైనింగ్ నల్లగా తడిసి ఉంటే నూనె. ఆ నూనె ఇంజనుదా గేర్ బాక్సుదా అన్నది ముక్కు చెబుతుంది. గేర్ ఆయిల్ చిక్కగా, గంధకం కలిసిన ఘాటు వాసనతో ఉంటుంది. డీజిల్ ఇంజను ఆయిల్ మసితో నల్లబడి పలచగా ఉంటుంది. వాసన పృథివి ఒక్కదానికే సొంత గుణమని, ఇతర ద్రవ్యాల్లో వాసన తగిలితే అది వాటిలో కలిసిన పృథివీ కణాలదేనని నైయాయికుల మతం. భౌతికశాస్త్రం దీన్ని ఎప్పుడో వదిలేసింది. మసి, గంధకం అన్న రెండు కలుపుల వాసనతోనే ఇక్కడ నూనెలను గుర్తుపడుతున్నారు కాబట్టి ఈ ఒక్క చోటా పాత మాట మరీ అసందర్భంగా లేదు.

కనిపించినవన్నీ కారణాలు కావు. కుండకు మట్టి, చక్రం, కుమ్మరి కారణాలు. కుమ్మరి తండ్రి, మట్టి మోసిన గాడిద కారణాలు కావు. అవి ముందే ఉన్నా, ఆ పనికి అక్కర్లేనివి. తర్కం వాటిని అన్యథాసిద్ధాలు అంటుంది. విప్పిన క్లచ్ దగ్గర గాడిదలు చాలా కనిపిస్తాయి. తుప్పు పట్టిన బెల్ హౌసింగ్, కిందటి మేస్త్రీ వేసిన వేరే కంపెనీ బోల్టు, అరిగిన పైలట్ బేరింగు. ఈ బేరింగు చెడితే కూత వినిపించవచ్చు, క్లచ్ సరిగ్గా విడవకపోవచ్చు, జారుడుకు మాత్రం అది కారణం కాదు. మార్చడం మంచిదే, గూడు మళ్లీ విప్పే ఖర్చు తప్పుతుంది. అది మార్చినందుకు జారుడు పోయిందని మాత్రం లెక్క రాసుకోకూడదు.

బాగుచేత కారణాన్ని అనుసరించాలి. నూనె కారితే ముందు సీలు, తర్వాతే ప్లేటు. నూనె తాగిన లైనింగ్‌ను పెట్రోలుతో కడిగి మళ్లీ వేయడం కొద్ది దూరానికే. వేడెక్కగానే లోపలి నూనె పైకి తేలుతుంది. ఫ్లైవీల్ ముఖం గాడులు పడితే లేత్ మీద ఫేసింగ్ చేయించాలి. బీటలు లోతుగా ఉంటే మార్చాలి. స్ప్రింగులను ఒకదాని పక్కన ఒకటి నిలబెట్టి చూస్తే పొట్టిబడినవి తెలుస్తాయి. వాటిని మొత్తం సెట్టుగా మార్చాలి. ప్లేటుకు ఫలానా ముఖమే ఫ్లైవీల్ వైపు ఉండాలి. తిప్పి వేస్తే హబ్బు తగిలి క్లచ్ సరిగ్గా పనిచేయదు. పాత గేర్ షాఫ్టు ముక్కతో ప్లేటును మధ్యకు తెచ్చి, బోల్టులను ఎదురెదురుగా బిగించి, ఫింగర్ల కొసలన్నీ ఒకే ఎత్తులో ఉన్నాయో లేదో కొలవాలి. గాడులకు గ్రీజు చాలా పలచగా రాయాలి. ఎక్కువైతే అదే లైనింగ్ మీదికి చిమ్ముతుంది. చివరగా పెడల్ ఆట సర్దాలి.

బండి మళ్లీ లోడుతో ఎత్తు ఎక్కితే తేల్చింది నిజమేనని అందరూ అంటారు. జ్ఞానం నిజమా కాదా అన్నది దాన్ని నమ్మి చేసిన పని ఫలించడం వల్లే తెలుస్తుందని న్యాయం చెప్పింది. ఇది పరతః ప్రామాణ్యం. జ్ఞానానికి ప్రామాణ్యం పుట్టుకతోనే ఉంటుంది, దోషం బయటపడితేనే పోతుందని మీమాంసకులు చెప్పారు. ఇది స్వతః ప్రామాణ్యం. అనుభవం గల మేస్త్రీ ఇంజను మోత వినగానే నిశ్చయంగా పనికి దిగడం మీమాంసకుల పక్షానికి బలం ఇస్తుంది. పని ముగిశాక ఎత్తు ఎక్కించి చూడనిదే బండి అప్పగించకపోవడం న్యాయ పక్షానికి బలం ఇస్తుంది. ఫలం దగ్గర మరో చిక్కుంది. సీలు మార్చకుండా కొత్త ప్లేటు ఒక్కటే వేసినా బండి మొదటి రోజు అద్భుతంగా లాగుతుంది. చేసిన పని ఫలించింది, అయినా కారణం గురించి తెలిసింది తప్పు. ఆ ఫలం ‘క్లచ్ జారుతోంది’ అన్న మొదటి అనుమానానికి సాక్ష్యం పలుకుతుంది. ‘ఇందుకు జారుతోంది’ అన్న రెండోదానికి పలకదు. ఎత్తు ఎక్కించి చూసే పరీక్ష ఈ రెంటినీ విడదీయలేదు. దానికి కాలం గడవాలి.

అందుకే పని అక్కడితో పూర్తి కాదు. కొత్త లైనింగ్ ఫ్లైవీల్‌తో సరిపడేదాకా మొదటి కొన్ని వందల కిలోమీటర్లు నిండు లోడు, నిట్టనిలువు ఎత్తులు తప్పించాలి. తర్వాత బండిని మళ్లీ గుంట మీద నిలిపి, పెడల్ ఆట కొలిచి, తగ్గి ఉంటే సర్దాలి. బెల్ హౌసింగ్ అడుగు రంధ్రంలో తీగ తిప్పి, కింద తెల్ల కాగితం పరిచి, రాత్రంతా బండిని కదపకుండా ఉంచాలి. తెల్లారి కాగితం మీద మరక ఉంటే గేర్ బాక్సు మళ్లీ దించాలి.